పంపేవాడి వేగమా, అందుకునేవాడి ఓపికా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకటే బాధ. ఒక వైపు నుంచి డేటా వరదలా వచ్చిపడుతోంది, రెండో వైపు దాన్ని అందుకునే ప్రోగ్రామో డిస్కో యంత్రమో అంత వేగంగా లేదు, మధ్యలో ఏదో ఒకటి కూలిపోతోంది. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. కొన్ని ఉత్తరాలు చాలా పొడవున్నాయి, విషయం చెడకుండా కుదించాను.

ప్రశ్న: మా దగ్గర ఒక ప్రోగ్రామ్ సెన్సర్ల నుంచి రీడింగులు తీసుకుని టీసీపీ (నెట్‌వర్క్ మీద డేటాని పోకుండా, వరుస తప్పకుండా చేర్చే పద్ధతి) మీద ఇంకో ప్రోగ్రామ్‌కి పంపుతుంది, అది వాటిని డేటాబేస్‌లో రాస్తుంది. సెకనుకు సుమారు 10,000 మెసేజ్‌లు వస్తాయి, ఒక్కోటి 1 కేబీ దాకా ఉంటుంది. డేటాబేస్ 2,000 మాత్రమే రాయగలుగుతోంది. మిగిలినవి పోకూడదని మెమరీలో ఒక క్యూ పెట్టాను. అరగంటలో ర్యామ్ నిండిపోయి, ఆపరేటింగ్ సిస్టమే ప్రోగ్రామ్‌ని చంపేస్తోంది. 16 జీబీ ర్యామ్‌ని 32 చేయమని మా సీనియర్ అంటున్నారు. సరిపోతుందా?
— ఉద్యోగంలో చేరి ఏడాదైన పాఠకుడు

జవాబు: సరిపోదు. కాగితం మీద ఒక్కసారి లెక్క వేసి మీ సీనియర్‌కి చూపించండి. సెకనుకు 10,000 వస్తున్నాయి, 2,000 వెళ్తున్నాయి, అంటే ప్రతి సెకనూ 8,000 మెసేజ్‌లు, దాదాపు 8 ఎంబీ, క్యూలో మిగిలిపోతోంది. 16 జీబీ నిండడానికి 2,000 సెకన్లు, అంటే 33 నిమిషాలు. మీరు రాసిన అరగంట ఇక్కడి నుంచే వచ్చింది. 32 జీబీ పెడితే గంట దాటాక కూలుతుంది. డబ్బు పెట్టి ఇంకో అరగంట కొనుక్కున్నట్టే తప్ప జబ్బు అలాగే ఉంటుంది.

బఫర్ అంటే డేటా కాసేపు ఆగే చోటు, మీ క్యూ కూడా ఒక బఫరే; అది ఎందుకు ఉందో గుర్తుపెట్టుకుంటే ఈ పొరపాటు జరగదు. కాసేపు ఎక్కువ వచ్చి, కాసేపు తక్కువ వచ్చి, సగటున మాత్రం మనం చేయగలిగినంతే వస్తుంటే, ఆ ఎగుడుదిగుడుల్ని సర్దడానికి బఫర్ పనికొస్తుంది. సగటే మన శక్తికి మించి ఉంటే ఎంత పెద్ద బఫరైనా నిండి తీరుతుంది. మీ దగ్గర రాక, పోకకి అయిదు రెట్లుంది.

ఇంకో సంగతి కూడా చూడండి, ఇది ర్యామ్ నిండడం కంటే ముందే మొదలవుతుంది. క్యూలో 10 లక్షల మెసేజ్‌లు పేరుకున్నాయనుకోండి. సెకనుకు 2,000 చొప్పున రాస్తుంటే, ఇప్పుడు వచ్చిన రీడింగ్ డేటాబేస్‌కి చేరేసరికి 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాల పైమాటే. తెర మీద ఉష్ణోగ్రత చూసి నిర్ణయం తీసుకునే మనిషి ఎనిమిది నిమిషాల కిందటి ఉష్ణోగ్రత చూస్తున్నాడు, ఆ సంగతి అతనికి తెలియదు. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. నేను ఒకచోట పనిచేసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. అందరం ప్రోగ్రామ్ బతికుందా లేదా అనే చూశాం గానీ క్యూ పొడవెంతో ఎవరమూ చూడలేదు, రెండు రోజులు వెతికితే గానీ అసలు సంగతి బయటపడలేదు. అప్పటి నుంచి నేను ముట్టుకున్న ప్రతి వ్యవస్థలో క్యూ పొడవు తెర మీద కనబడేలా పెట్టించాకే మిగతా పని చూస్తాను.

ఇక పరిష్కారానికి వద్దాం. మీకు కావలసిన సదుపాయం టీసీపీలో మొదటి నుంచీ ఉంది, దాన్ని మీ క్యూ పనిచేయనివ్వడం లేదు. టీసీపీలో అందుకునే వైపు ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఒక రిసీవ్ బఫర్ ఉంటుంది. వచ్చిన డేటా ముందు అందులో పడుతుంది, మీ ప్రోగ్రామ్ చదివినప్పుడల్లా ఖాళీ అవుతుంది. అవతలి వైపుకి పంపే ప్రతి అక్‌నాలెడ్జ్‌మెంట్‌లోనూ (డేటా అందిందని చెప్పే జవాబు) "నా దగ్గర ఇంకా ఇన్ని బైట్ల చోటుంది" అనే అంకె వెళ్తుంది, దాన్నే విండో అంటారు. మీరు చదవడం ఆపేస్తే బఫర్ నిండుతూ, విండో తగ్గుతూ చివరికి సున్నా అవుతుంది. అప్పుడు అవతలి ఆపరేటింగ్ సిస్టమ్ పంపడం ఆపేస్తుంది, అక్కడి సెండ్ బఫర్ కూడా నిండుతుంది, ఆ తరవాత పంపే ప్రోగ్రామ్ ఇచ్చిన సెండ్ కాల్ అక్కడే ఆగిపోతుంది. నాన్ బ్లాకింగ్ పద్ధతిలో (కాల్ ఆగకుండా వెంటనే తిరిగొచ్చేలా) రాసి ఉంటే "ఇప్పుడు కుదరదు, తరవాత రా" అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. అంటే డేటాబేస్ నెమ్మదిగా ఉందన్న కబురు ఒక్కో మెట్టూ వెనక్కి ఎక్కుతూ పంపేవాడి దాకా వెళ్తుంది. దీనికే బ్యాక్‌ప్రెషర్ అని పేరు.

మీ ప్రోగ్రామ్ ఏం చేస్తోంది? సాకెట్ (ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం) నుంచి వచ్చింది వచ్చినట్టు చదివేసి, అంతులేని లిస్టులో వేసుకుంటోంది. దాంతో టీసీపీకి మీరు ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టే కనబడుతుంది, విండో ఎప్పుడూ తెరిచే ఉంటుంది, పంపేవాడికి మీ కష్టం తెలిసే దారే లేదు. కాబట్టి క్యూకి ఒక హద్దు పెట్టండి, 5,000 అనుకుందాం. నిండగానే సాకెట్ చదవడం ఆపండి, కొంత ఖాళీ అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి. మీరు ఏ భాషలో రాశారో చెప్పలేదు గానీ ఈ తప్పు దాదాపు అన్ని చోట్లా తేలిగ్గా జరుగుతుంది. జావాలో లింక్‌డ్ బ్లాకింగ్ క్యూని సైజు చెప్పకుండా తయారు చేస్తే దాని హద్దు 200 కోట్ల పైచిలుకు, అంటే హద్దు లేనట్టే లెక్క. పైథాన్ అసింక్ఐఓలో క్యూకి సైజు ఇవ్వకపోతే అనంతం, రైట్ చేశాక డ్రెయిన్ (బఫర్ ఖాళీ అవడం) కోసం ఆగకపోతే డేటా మెమరీలో పేరుకుంటుంది. నోడ్ జేఎస్‌లో రైట్ అనే ఫంక్షన్ ఫాల్స్ అని జవాబిస్తే "ఇక చాలు, డ్రెయిన్ అనే ఈవెంట్ వచ్చేదాకా ఆగు" అని అర్థం, కానీ ఆ జవాబును చూడకుండానే రాసుకుంటూ పోయే కోడ్ నేను లెక్కలేనంత చూశాను.

ఇంతటితో అయిపోలేదు. పంపేవాడు ఆగితే సెన్సర్లు ఆగుతాయా? ఆగవు, లోకం మనకోసం ఆగదు. అందుకని పంపే ప్రోగ్రామ్ ఒక నిర్ణయం తీసుకోవాలి. పాత రీడింగులు వదిలేసి కొత్తవే ఉంచుకోవడమా, పది రీడింగుల సగటు తీసి ఒకటే పంపడమా, లేక డిస్కులో రాసిపెట్టి రాత్రి రద్దీ తగ్గాక పంపడమా అన్నది. ఏది సరైనదో డేటాని బట్టి ఉంటుంది. ఉష్ణోగ్రత అయితే సగటు చాలు, డబ్బు లావాదేవీ అయితే ఒక్కటి కూడా వదలకూడదు. దీన్ని మీరు కూర్చుని ఆలోచించి ముందే నిర్ణయించండి. మీరు నిర్ణయించకపోతే ర్యామ్ నిండిన క్షణాన ఆపరేటింగ్ సిస్టమే నిర్ణయిస్తుంది, అప్పుడు క్యూలో ఉన్నదంతా ఒక్కసారిగా పోతుంది.

డేటాబేస్ వేగం సంగతి కూడా చూడండి. ఒక్కో మెసేజ్‌కి ఒక్కో ఇన్సర్ట్, ఒక్కో కమిట్ (రాసినదాన్ని ఖాయం చేయడం) చేస్తున్నట్టయితే, అయిదు వందలు కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయండి, చాలాసార్లు ఇదొక్కటే 10,000 దాటించేస్తుంది. దాటినా సరే, క్యూ హద్దు మాత్రం తీసేయకండి.

ప్రశ్న: టెర్మినల్‌లో ఫైల్ సేవ్ చేద్దామని అలవాటు కొద్దీ కంట్రోల్ ఎస్ నొక్కాను. తెర గడ్డకట్టుకుపోయింది, ఏది టైప్ చేసినా కనబడలేదు. టెన్షన్‌లో విండో మూసేసి పని పోగొట్టుకున్నాను. ఎందుకలా?
— లినక్స్ కొత్తగా నేర్చుకుంటున్న పాఠకురాలు

జవాబు: కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదిలేది. మీ ప్రోగ్రామ్‌కి ఏమీ కాలేదు, మీరు దానికి "ఆగు" అని చెప్పారంతే.

ఇది టెలిప్రింటర్ల కాలం నుంచి వస్తున్న పద్ధతి. అక్షరాలకి అంకెలిచ్చే ఆస్కీ పట్టికలో 19వ అక్షరం వస్తే పంపడం ఆపాలి, 17వది వస్తే మళ్లీ మొదలుపెట్టాలి. వీటిని ఎక్సాఫ్, ఎక్సాన్ అంటారు, కీబోర్డు మీద కంట్రోల్ ఎస్, కంట్రోల్ క్యూ అవే. నెమ్మదిగా అచ్చువేసే యంత్రం తన బఫర్ నిండబోతుంటే 19 పంపేది, కాస్త ఖాళీ అయ్యాక 17 పంపేది. "నిండబోతుంటే" అన్నది గమనించండి, నిండాక పంపితే లాభం లేదు, ఎందుకంటే "ఆగు" అనే మాట అవతలికి చేరేలోపు దారిలో ఉన్న అక్షరాలు వచ్చేస్తూనే ఉంటాయి, వాటికీ చోటుండాలి. అందుకే ఆపడానికి పైన ఒక గీత, మళ్లీ మొదలుపెట్టడానికి కింద ఒక గీత పెట్టుకుంటారు. ఈ రోజుకీ మంచి క్యూ రాసేవాళ్లు ఇలాగే రెండు గీతలు పెడతారు. ఒక్కటే గీత పెడితే ఆగడం, మొదలవడం, ఆగడం, మొదలవడం అంటూ కొట్టుకుంటుంది.

ఈ పద్ధతికి ఒక లోపముంది. పంపే డేటాలోనే 19 విలువున్న బైటు ఉంటే అవతలివాడు దాన్ని ఆజ్ఞ అనుకుని ఆగిపోతాడు. బొమ్మలు, ప్రోగ్రామ్ ఫైళ్లు పంపేటప్పుడు ఇది కుదరదు కాబట్టి, సీరియల్ కేబుల్‌లో "పంపొచ్చు", "వద్దు" అని చెప్పడానికి విడిగా తీగలే పెట్టారు. మీ టెర్మినల్‌లో ఈ అలవాటు అక్కర్లేదనుకుంటే ఎస్‌టీటీవై కమాండ్‌కి మైనస్ ఐఎక్స్‌ఓఎన్ అని ఇవ్వండి, ఇక గడ్డకట్టదు.

ప్రశ్న: ఫ్లో కంట్రోల్, కంజెషన్ కంట్రోల్ రెండూ పంపేవాడి వేగం తగ్గించడమే కదా. పుస్తకంలో రెండు పేరాలూ ఒకేలా ఉన్నాయి. పరీక్షలో తేడా రాయమంటే ప్రతిసారీ కలిపేస్తున్నాను.
— బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థిని

జవాబు: కష్టం ఎవరిదని అడిగి చూడండి అమ్మా. అందుకునేవాడికి చోటు లేకపోతే ఫ్లో కంట్రోల్, దారి ఇరుకైతే కంజెషన్ కంట్రోల్. అందుకునేవాడు ఒక్కడే, అతని దగ్గర ఎంత చోటుందో అతనికి కచ్చితంగా తెలుసు, విండో అంకెతో చెప్పేస్తాడు. దారి సంగతి అలా కాదు. మధ్యలో డేటాకి దారి చూపే ఎన్నో రౌటర్లు, వాటి మీద ఇంకా ఎవరెవరివో ప్యాకెట్లు (డేటా ముక్కలు), ఎక్కడ ఇరుకైందో పంపేవాడికి చెప్పే నాథుడు మామూలుగా ఉండడు. ప్యాకెట్లు పోతున్నాయా, ఆలస్యమవుతున్నాయా అని చూసి పంపేవాడే ఊహించుకోవాలి. కొన్ని రౌటర్లు ప్యాకెట్ మీద గుర్తు వేసి హెచ్చరిస్తాయి, 2001లో దానికి ప్రమాణం వచ్చింది, కానీ దారిలో అన్నీ అలా చేస్తాయన్న నమ్మకం లేదు. అందుకే పంపేవాడి దగ్గర రెండు అంకెలుంటాయి, అవతలివాడు చెప్పిన విండో ఒకటి, దారి గురించి తను వేసుకున్న అంచనా ఇంకొకటి. రెండింటిలో ఏది చిన్నదైతే అంతవరకే పంపుతాడు.

చరిత్ర తెలిస్తే ఇది ఇంకెప్పుడూ మరిచిపోరు. విండో ఆలోచన వింట్ సర్ఫ్, బాబ్ కాన్ 1974లో రాసిన వ్యాసంలోనే ఉంది, 1981లో వచ్చిన టీసీపీ ప్రమాణంలోనూ ఉంది. అంటే ఫ్లో కంట్రోల్ పుట్టుకతోనే వచ్చింది. అయినా 1986 అక్టోబరులో ఏం జరిగిందో చూడండి. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ పక్కనే ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలు. ఆ రెంటి మధ్య డేటా వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రెండు చివర్లా అందుకునే యంత్రాల్లో చోటుంది, విండోలు తెరిచే ఉన్నాయి. ఇరుకైంది మధ్యలో. ప్యాకెట్లు పోతున్నాయి, పోయినవాటిని అందరూ మళ్లీ పంపుతున్నారు, ఆ మళ్లీ పంపినవి ఇరుకును ఇంకా పెంచుతున్నాయి. వాన్ జేకబ్‌సన్ మైకేల్ కారెల్స్‌తో కలిసి దీని మీద పని చేసి, 1988లో కంజెషన్ కంట్రోల్ పద్ధతుల్ని ప్రచురించారు. మీరు పుస్తకంలో చదివే స్లో స్టార్ట్ అందులోదే. ఫ్లో కంట్రోల్ ఒక్కటే సరిపోయి ఉంటే ఆ అక్టోబరు అలా ఉండేది కాదు. పరీక్షలో ఈ ఒక్క ఉదాహరణ రాసినా తేడా అర్థమైందని దిద్దేవారికి తెలిసిపోతుంది.

ప్రశ్న: దూరంగా ఉన్న రెండు డేటా సెంటర్ల మధ్య బ్యాకప్ పంపుతున్నాం. రెండు చివర్లా 1 జీబీపీఎస్ (సెకనుకు 100 కోట్ల బిట్లు) లింక్, డిస్కులు వేగంగానే ఉన్నాయి, ప్యాకెట్ లాస్ లేదు, పింగ్ 100 మిల్లీసెకన్లు. ఒక్క ఫైల్ పంపితే మాత్రం 5 ఎంబీపీఎస్ దాటడం లేదు. ఒకేసారి పది ఫైళ్లు పంపితే 50 దాకా వస్తోంది. లింక్ ఇచ్చినవాళ్లు తమ వైపు తప్పేమీ లేదంటున్నారు.
— నెట్‌వర్క్ విభాగంలో పనిచేసే పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబుంది, అంకెలు ఇంత శుభ్రంగా రాసి పంపినందుకు సంతోషం. టీసీపీ హెడర్‌లో విండో అంకెకి 16 బిట్ల చోటే ఉంది, అంటే గరిష్ఠంగా 65,535 బైట్లు. పంపేవాడు అన్ని బైట్లు పంపేశాక అవతలి నుంచి జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. మీ దగ్గర జవాబు రావడానికి 100 మిల్లీసెకన్లు. సెకనులో పదిసార్లు మాత్రమే 65,535 బైట్లు పంపగలరు, బిట్లలోకి మారిస్తే 5.24 ఎంబీపీఎస్. మీరు చూస్తున్నది సరిగ్గా అదే. పది ఫైళ్లంటే పది కనెక్షన్లు, ఒక్కోదానికి ఒక్కో విండో, కాబట్టి 50. లింక్ ఇచ్చినవాళ్లు నిజమే చెబుతున్నారు.

1 జీబీపీఎస్ లింక్ 100 మిల్లీసెకన్ల పాటు నిండుగా ఉండాలంటే దారిలో ఎప్పుడూ 12.5 ఎంబీ డేటా ఉండాలి. అంత విండో 16 బిట్లలో పట్టదని చాలా ముందే గుర్తించి, 1992లో విండో స్కేలింగ్ అనే సదుపాయం తెచ్చారు. కనెక్షన్ మొదలయ్యేటప్పుడే రెండు వైపులా "నేను చెప్పే అంకెని ఇన్నిసార్లు రెండింతలు చేసుకో" అని చెప్పుకుంటాయి, గరిష్ఠంగా 14 సార్లు, అంటే విండో 1 జీబీ దాకా పెరగొచ్చు. ఇప్పటి యంత్రాలన్నీ దీన్ని వాడతాయి. మరి మీ దగ్గర ఎందుకు పనిచేయడం లేదంటే, నా అనుమానం మధ్యలో ఉన్న ఏదో పాత ఫైర్‌వాల్ మీద. ఈ సదుపాయం కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్లలో ఒక ఆప్షన్‌గా మాత్రమే వెళ్తుంది. తెలియని ఆప్షన్ అని దాన్ని చెరిపేసే పరికరాలు నేను చూశాను. ఒక వైపు చెరిగిపోయినా స్కేలింగ్ రెండు వైపులా ఆగిపోతుంది.

వైర్‌షార్క్ (ప్యాకెట్లను పట్టి చూపించే ప్రోగ్రామ్) తెరిచి రెండు చివర్లా ఒకేసారి క్యాప్చర్ చేయండి, కనెక్షన్ మొదలవక ముందే క్యాప్చర్ మొదలుపెట్టాలి. మధ్యలో మొదలుపెడితే స్కేల్ ఎంతో వైర్‌షార్క్‌కి తెలియక చిన్న అంకె చూపిస్తుంది, అది చూసి లేనిపోని చోట వెతికి రోజంతా పోగొట్టుకున్నవాళ్లున్నారు. పంపిన చోట సిన్‌లో ఆప్షన్ ఉండి, అందిన చోట లేకపోతే దొంగ మధ్యలో ఉన్నట్టే.

అది సరిచేశాక కూడా పూర్తి వేగం రాకపోతే రిసీవ్ బఫర్ హద్దు చూడండి. చాలా లినక్స్ యంత్రాల్లో టీసీపీ ఆర్‌మెమ్ (రిసీవ్ బఫర్ సెట్టింగ్) గరిష్ఠం 6 ఎంబీ దగ్గర ఉంటుంది, మీకు కావలసింది 12.5, పైగా ఆ బఫర్ మొత్తం విండోకి రాదు, కొంత సొంత ఖర్చుకి పోతుంది. 32 ఎంబీ పెట్టండి. పంపే వైపు డబ్ల్యూమెమ్ కూడా అలాగే. మొదటి ఉత్తరంలో బఫర్ పెంచొద్దని చెప్పి ఇక్కడ పెంచమంటున్నానేమిటని మీకు అనిపించవచ్చు. అక్కడ అందుకునేవాడు నిజంగా నెమ్మది. ఇక్కడ ఇద్దరూ వేగమే, మధ్యలో దూరం ఎక్కువ, దారిని నింపడానికి అంత చోటు కావాలి. ఫైళ్లు ఎస్‌ఎస్‌హెచ్ (డేటాని గుప్తీకరించి పంపే పద్ధతి) మీద పంపుతున్నట్టయితే దానికి టీసీపీ పైన ఇంకో సొంత విండో కూడా ఉంది, టీసీపీ విండో పెద్దదైనా అది అడ్డం పడొచ్చు. ఒకసారి అది లేకుండా పంపి చూసి పోల్చుకోండి.

ప్రశ్న: విండో సున్నా అయ్యాక పంపేవాడు ఆగుతాడు. తరవాత చోటు దొరికిందని అందుకునేవాడు చెప్పిన ప్యాకెట్ దారిలో పోతే? ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోరా?
— ఒక పాఠకుడు

జవాబు: చక్కటి ప్రశ్న. ఉండిపోతారు, అందుకే పంపేవాడి దగ్గర పర్సిస్ట్ టైమర్ అని ఒకటి పెట్టారు. విండో సున్నా అని తెలిసిన దగ్గర్నుంచీ పంపేవాడు అప్పుడప్పుడూ ఒక చిన్న ప్రోబ్ ప్యాకెట్ పంపి "ఇప్పుడైనా చోటుందా?" అని అడుగుతుంటాడు, జవాబులో కొత్త విండో అంకె వస్తుంది. ప్రతిసారీ అడిగే మధ్య వ్యవధి పెంచుకుంటూ పోతాడు.

దీనికి తోడు ఇంకో చిక్కు కూడా ఉంది. అందుకునే ప్రోగ్రామ్ ఒక్కో బైటే చదువుతోందనుకోండి. ఒక్క బైటు చోటు దొరకగానే "ఒక బైటు పంపు" అంటే, అవతలివాడు ఒక్క బైటు డేటాకి 40 బైట్ల హెడర్లు తగిలించి పంపుతాడు. ఇది ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు. దీన్ని సిల్లీ విండో సిండ్రోమ్ అన్నారు. 1982లో డేవిడ్ క్లార్క్ చెప్పిన మందు చాలా సులువైనది: కాస్త చెప్పుకోదగ్గ చోటు దొరికేదాకా అందుకునేవాడు సున్నా అనే చెప్పాలి, ఒక నిండు ప్యాకెట్టంతో, బఫర్‌లో సగమో. పంపే వైపు చిన్న ముక్కల్ని కూడబెట్టి పంపే పద్ధతి జాన్ నేగల్ 1984లో ఇచ్చారు.

ఒక జాగ్రత్త. ప్రోబ్‌కి జవాబొస్తున్నంత కాలం సున్నా విండో కనెక్షన్ అలా తెరిచే ఉంటుంది. కావాలని ఏమీ చదవకుండా వేల కనెక్షన్లు పట్టుకుని కూర్చుని సర్వర్ మెమరీ తినేసే దాడులు ఉన్నాయి. సర్వర్ రాసేవాళ్లు ఇన్ని సెకన్లలో ఏమీ తీసుకోని క్లయింటుని తెంచేయాలని సొంత హద్దు పెట్టుకోవాలి, టీసీపీ ఆ పని చేయదు.

ప్రశ్న: యూడీపీ (టీసీపీలా హామీ ఇవ్వకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) మీద వీడియో అందుకునే ప్రోగ్రామ్ రాశాను. నెట్‌వర్క్ బాగానే ఉంది, క్యాప్చర్‌లో ప్యాకెట్లన్నీ కనబడుతున్నాయి, కానీ నా ప్రోగ్రామ్‌కి కొన్ని రావడం లేదు. ఎక్కడికి పోతున్నాయి?
— సొంతంగా నేర్చుకుంటున్న పాఠకుడు

జవాబు: మీ యంత్రం గుమ్మం దాకా వచ్చి, లోపల చోటు లేక పోతున్నాయి. 1980లో వచ్చిన యూడీపీ ప్రమాణం మూడే పేజీలు, హెడర్ ఎనిమిది బైట్లు, అందులో విండో అనే మాటే లేదు. సాకెట్ బఫర్ నిండితే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చిన ప్యాకెట్‌ని పారేస్తుంది, పంపినవాడికీ చెప్పదు, మీకూ చెప్పదు. నెట్‌స్టాట్ కమాండ్‌ని మైనస్ ఎస్‌యూ తో నడిపి చూడండి, రిసీవ్ బఫర్ ఎర్రర్స్ అనే అంకె పెరుగుతుంటే ఇదే కారణం.

మీ ప్రోగ్రామ్ ప్యాకెట్ చదివిన థ్రెడ్‌లోనే వీడియో డీకోడ్ కూడా చేస్తోందేమో చూడండి. ఒక ఫ్రేమ్ డీకోడ్ అయ్యేలోపు తరవాతి ఫ్రేమ్ ప్యాకెట్లు గుంపుగా వచ్చిపడతాయి. చదవడానికి ఒక థ్రెడ్, డీకోడ్‌కి ఇంకొకటి పెట్టి, మధ్యలో హద్దున్న క్యూ పెట్టండి, నిండితే పాత ఫ్రేమ్ వదిలేయండి. ప్రత్యక్ష వీడియోలో పాత ఫ్రేమ్ ఎవరికీ అక్కర్లేదు. సాకెట్ బఫర్ కూడా కొంత పెంచండి, ఇక్కడ గుంపుగా వచ్చి మళ్లీ ఆగుతాయి కాబట్టి అది పనికొస్తుంది. డీకోడరే సగటున వెనకబడుతుంటే మాత్రం పంపేవాడికి మీరే చెప్పాలి, "ఇన్ని పోయాయి, నాణ్యత తగ్గించు" అని వెనక్కి ఒక రిపోర్టు పంపే ఏర్పాటు మీ ప్రోటోకాల్‌లో ఉండాలి.

ఇదంతా సొంతంగా రాయాలని లేకపోతే క్విక్ అనే ప్రోటోకాల్ చూడండి. 2021లో ప్రమాణమైంది, యూడీపీ మీదే నడుస్తుంది, తనదైన ఫ్లో కంట్రోల్ ఉంది. అందులో నాకు బాగా నచ్చిందేమిటంటే హద్దు రెండు చోట్ల ఉంటుంది, ఒక్కో స్ట్రీమ్‌కి (కనెక్షన్ లోపలి ఒక్కో డేటా ప్రవాహానికి) విడిగా ఒకటి, కనెక్షన్ మొత్తానికి ఒకటి. ఒక స్ట్రీమ్‌ని చదవడం మీరు ఆపేస్తే దాని హద్దు దగ్గర అదొక్కటే ఆగుతుంది, మిగతావి కదులుతాయి. అందుకునేవాడు "మొత్తం ఇన్ని బైట్ల దాకా పంపొచ్చు" అని ముందే అనుమతి ఇస్తాడు, అది దాటి పంపితే కనెక్షన్‌నే తెంచేసే అధికారం అతనికి ఉంది.

ప్రశ్న: మా నెట్‌వర్క్ స్విచ్‌లో ఫ్లో కంట్రోల్ అని ఒక సెట్టింగ్ ఉంది. ఆన్ చేయాలా, ఆఫ్ చేయాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: మామూలు నెట్‌వర్క్ అయితే ఆఫ్‌లోనే ఉంచండి. అది 1997లో వచ్చిన ఈథర్‌నెట్ పాజ్ ఫ్రేమ్. బఫర్ నిండబోతున్న పరికరం అవతలి పోర్టుకి "ఇంతసేపు ఏమీ పంపకు" అని చెబుతుంది, 1 జీబీపీఎస్ లింక్ మీద ఒక్క పాజ్‌తో గరిష్ఠంగా 33 మిల్లీసెకన్ల పైన ఆపొచ్చు. చిక్కేమిటంటే అది ఎవరి డేటా అని చూడదు, ఆ తీగ మీద వెళ్లేదంతా ఆపేస్తుంది. ఒక నెమ్మది యంత్రం కోసం స్విచ్ తన బఫర్ నింపుకుని, వెనక ఉన్న ఇంకో స్విచ్‌ని ఆపితే, ఆ వెనక స్విచ్ మీద ఉన్న వేగమైన యంత్రాలు కూడా సంబంధం లేకుండా ఆగిపోతాయి. టీసీపీకి తన విండో ఎలాగూ ఉంది, ఎవరు నెమ్మదో వాళ్లనే అది నెమ్మదింపజేస్తుంది.

ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదనే స్టోరేజ్ నెట్‌వర్క్ అయితే సంగతి వేరు. అక్కడ ఎనిమిది ప్రాధాన్యాల్లో కావలసినదాన్నే ఆపే పీఎఫ్‌సీ (ప్రయారిటీ ఫ్లో కంట్రోల్) వాడతారు, దాన్ని స్విచ్‌లన్నిటిలోనూ ఒకేలా పెట్టాలి. మీరు ఇప్పటికే ఆన్ చేసి ఉంటే స్విచ్‌లో పాజ్ ఫ్రేమ్‌ల లెక్క చూడండి. ఏ పోర్టు నుంచి ఎక్కువగా వస్తున్నాయో ఆ పోర్టుకి తగిలించిన యంత్రమే వెనకబడుతోంది, ముందు దాన్ని చూడండి.